వంక అవతల తిన్న అన్నం

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధికి పెరుగు పోసే అవ్వ. పొద్దున ఏడు కూడా కాలేదు. బళ్లారి నుంచి మూటలుగా వచ్చే జీన్స్ ప్యాంట్లను వాకిట్లో ముందేసుకుని దారాలు కత్తిరిస్తున్నాను. అవ్వ తట్ట దించింది కానీ పెరుగు పోయలేదు. నా ముందు గొంతుక్కూర్చుంది. యాభై దాటిన నన్ను ఆమె ఇప్పటికీ పాపా అనే పిలుస్తుంది.

"నీకింకా చెప్పలేదా పాపా? నిన్న ప్రార్థన అయినాక మీ పెద్దోళ్ళు కూర్చున్యారంట. కల్లంగడి బియ్యం మీ గుళ్ళోకి రాకూడదంట. నువ్వే పోయి తిరిగి ఇచ్చి రావల్లంట."

మా సంఘం తీర్మానం నాకంటే ముందు, ఆ సంఘంతో ఏ సంబంధమూ లేని అవ్వకు తెలిసింది. మా సంఘం పెద్దాయన ఇంట్లో కూడా ఆమే పెరుగు పోస్తుంది మరి.

ఇక్కడ మా అలవాటు ఒకటి చెప్పాలి. మిషను కాలం నుంచి మా సంఘంలో ఆడవాళ్ళు అన్నానికి ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేస్తారు. వేసేటప్పుడు ఒక్క మాట స్తోత్రం చెప్పుకుంటారు. నెలాఖరుకి నేను సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ పిడికిలి బియ్యం పోగుచేస్తాను. పంటకోత పండుగ నాడు ఆ బియ్యమంతా గుళ్ళో బల్ల ముందు కొత్త చాప మీద ఒకే రాశిగా పోస్తారు. అయ్యగారు దానిమీద ప్రార్థన చేస్తారు. అట్నుంచి అటే గంగాళాలకు ఎత్తి, వండి, అందరం ఒకే పంక్తిలో తింటాం. ఆ రాశిలో మన పిడికెడు ఉంటే మనం సంఘంలో ఉన్నట్టు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, కానీ ఆ రోజు సంచి పంపని ఇంటిని గురించి అందరూ అడుగుతారు, ఏమైందమ్మా వాళ్ళకి అని.

కల్లంగడి బియ్యం అంటే వంక అవతల నుంచి వచ్చే బియ్యం. మా వైపు కర్ణాటక, ఇక్కడ కల్లు అమ్మకూడదు. రూపనగుడి దాటి పోతే ఒక వంక, చిన్న వాగులాంటిది, వస్తుంది. ఆ వంక దాటితే ఆంధ్ర, అక్కడ అమ్మొచ్చు. అందుకని మా వైపు మగవాళ్ళు సాయంత్రాలు, ఆదివారాలు వంక దాటుతారు. ఆ అంగట్లో వంట చేసే ఆమె మా సంఘం బిడ్డే. చిన్నప్పుడు నాతో పాటు బాప్తిస్మం తీసుకుంది. ఈత చెట్లు గీసే అతన్ని చేసుకుంది. అతను చెట్టు మీదనుంచి పడి నడుము పోయాక పిల్లల్ని సాకడానికి ఆ అంగట్లోనే పొయ్యి దగ్గర చేరింది. ఆదివారమే అక్కడ గిరాకీ ఎక్కువ కాబట్టి ఆరాధనకు రాలేదు. రాలేదు కానీ పదకొండేళ్ళుగా ప్రతి నెలా, ఆ దారిన వచ్చే అవ్వ తట్టలో ఆమె పిడికిలి బియ్యం వస్తూనే ఉంది. ఆమె గుడికి వచ్చేది ఆ సంచిలోనే. ఆ సంచి వెనక్కి పోయిందంటే ఆమె సంఘంలోంచి పోయినట్టే.

నువ్వే తీసుకుపో అవ్వా అని ఈ నెల వచ్చిన ఆమె సంచి ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"తెచ్చేదే నా పని పాపా. వెనక్కి మోసకపోయేది కాదు. ఆ పిల్లకు నా మొగం ఎట్ల చూపించల్ల?"

పెరుగు పోసి, తట్ట ఎత్తుకుని పోయింది.

ఆ పొద్దంతా దారాలు కత్తిరిస్తూ ఆలోచించాను. పెద్దాయన చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది. కాదు. మా నాయన పోయినప్పుడు భుజం మార్చకుండా సమాధుల దొడ్డిదాకా మోసినవాడు ఆయనే. నాకు ఈ జీన్స్ పని ఇప్పించిందీ ఆయనే. రోజూ రాత్రి ప్రార్థనలో ఆయన పేరు తలుస్తాను, ఇప్పటికీ తలుస్తున్నాను. ఆయన చెప్పిన కారణం కూడా నాకు తెలుసు. తాగుబోతుల డబ్బుతో కొన్న బియ్యం దేవుని బల్ల ముందు పోయడం ఏంది అని. వినడానికి సరిగానే ఉంటుంది. కానీ ఆ అంగట్లో తాగేవాళ్ళలో సగం మంది మావాళ్ళే. వాళ్ళ కానుకలు ఎవరూ వెనక్కి పంపలేదు. వాళ్ళకు అన్నం వండిన చేతి బియ్యమే అంటుపడింది.

మర్నాడు శనివారం. సంచి పట్టుకుని రూపనగుడి బస్సెక్కాను. అక్కడ దిగి షేర్ ఆటో. వంక దగ్గర డ్రైవరు ఆటో ఆపి, ఈడనుంచి నడవల్లక్కా, ఆటో దిగబడతాది అన్నాడు. వంకలో చీలమండ లోతు నీళ్ళు. చెప్పులు ఒక చేతిలో, సంచి ఒక చేతిలో పట్టుకుని దాటాను. ఎప్పుడూ ఆ ఒడ్డుకు పోలేదు నేను. పోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు, అంతే.

ఈతాకు కప్పిన పొడుగాటి కొట్టం. ఒక పక్క రేకులు. లోపల బెంచీలు, మూలన నురగ పొంగుతున్న కుండలు. పులిసిన వాసన, దానిమీదుగా కట్టెల పొగ, ఆ పొగలోంచి వేగుతున్న ఎర్రగడ్డ, ధనియాల వాసన. పది పన్నెండు మంది మగవాళ్ళు. ఎవరి ఫోన్లోనో పాట మోగుతోంది. తెల్లచీర కట్టుకుని సంచి పట్టుకున్న ఆడమనిషిని చూసి మాటలు ఆగిపోయాయి. నాకు ఎదురుగా ఉన్న బెంచీ మీద మా పాటల జట్టులో డోలక్ వాయించే అతను కూర్చున్నాడు. నన్ను చూడగానే గ్లాసున్న చెయ్యి వీపు వెనక్కి పోయింది. రెండో చెయ్యి పైకెత్తి, స్తోత్రం అక్కా అన్నాడు. నేనూ స్తోత్రం అన్నాను. మరేమంటాను? ప్రతి ఆదివారం అనేదే కదా.

ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచింది. నా ముఖం చూసింది, తర్వాత సంచి చూసింది. ఆ సంచి ఆమె కుట్టిందే, పాత పూలచీర గుడ్డతో. అంతా అర్థమైపోయింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది కానీ సంచి కోసం చెయ్యి చాపలేదు.

"ఊట ఆయ్తా అక్కా?" అంది కన్నడంలో. మా వైపు ఎవరు ఎదురైనా మొదట అడిగేది అదే, భోజనమైందా అని. అడిగాక తెలుగులోకి వచ్చింది. "ఎండలో వచ్చినావు. ముందు కూర్చో."

అయింది అని అబద్ధం చెప్పి, సంచి బెంచీ మీద పెట్టి, రెండు మాటలు చెప్పి తిరిగి రావచ్చు. నన్ను పంపింది అందుకే. కానీ పొద్దున కాఫీ నీళ్ళు తప్ప నేనేమీ తినలేదు. ఇది దాచిపెట్టి, ఆమె కోసమే కూర్చున్నానని రాస్తే బాగుంటుంది కానీ నిజం కాదు. ఆకలేసింది, కూర్చున్నాను. రోడ్డుకు కనబడే బెంచీ చూసుకుని మరీ కూర్చున్నాను. అది మాత్రం పంతంతోనే.

మోదుగాకు విస్తరి వేసి నీళ్ళు చల్లింది. మొదట జొన్నరొట్టె, దానిమీద గురెళ్ళు దంచిన నల్లటి కారప్పొడి, ఒక పచ్చి ఎర్రగడ్డ నలగ్గొట్టి. తర్వాత బోటి వేపుడు. మేకపేగులు అంత శుభ్రంగా కడిగి, అంత మెత్తగా ఉడికించి, మిరియం ఘాటు గొంతులో కాకుండా నాలుక మీదే తెలిసేటట్టు వేపడం నేను ఎక్కడా చూడలేదు. దాని తర్వాత అన్నం, కంప్లి వైపు బియ్యం, మెతుకు విడివిడిగా. కాలువ చేపల పులుసు, చింతపండు గట్టిగా పడింది. పక్కన ఇంత పుంటికూర పప్పు.

చెయ్యి పెట్టే ముందు కళ్ళు మూసుకున్నాను. అన్నం ముందు స్తోత్రం చెప్పకుండా ముద్ద ఎత్తడం నాకు తెలీదు. కల్లంగడైతే ఏమి, నా అలవాటు నాతో వచ్చింది. కళ్ళు మూసుకుని ఉండగానే ఫోన్లో పాట ఆగిపోయింది. ఎవరో, రేయ్ ప్రార్థన చేస్తాండాదిరా, సుమ్నే ఉండు అనడం వినబడింది. కళ్ళు తెరిచేసరికి ఒకరిద్దరు తలపాగాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. మా గుళ్ళో కూడా అంత నిశ్శబ్దం దొరకదు.

తిన్నాను. నెమ్మదిగా, చెమట తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ తిన్నాను. నాకు వండిపెట్టేవాళ్ళు పోయి చాలా ఏళ్ళయింది. ఒకరు పొయ్యి దగ్గర కూర్చుని, నా విస్తరి వైపే చూస్తూ, అయిపోకముందే వడ్డించడం ఎట్లా ఉంటుందో మర్చిపోయాను. పులుసు మళ్ళీ వెయ్యనా అని అడిగింది. వెయ్యి అన్నాను. అన్నం కూడా అన్నాను. ఇంకొంచెం బోటి ఉండాదా అని నేనే అడిగాను. డోలక్ అతను ఆ మాటకు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

రెండోసారి వడ్డించాక ఆమె తన మధ్యాహ్నం అన్నానికి బియ్యం తీసుకుంది. మగవాళ్ళకు వండే పెద్ద గిన్నె వేరే ఉంది. దాని జోలికి పోలేదు. అంగడి యజమాని ఆమెకని రోజూ ఇచ్చే గ్లాసెడు బియ్యం వేరుగా పోసుకుని, అందులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న డబ్బాలో వేసింది. పెదవులు కదిలాయి. తక్కిన బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అంటే పదకొండేళ్ళుగా మాకు వస్తున్నది అంగడి బియ్యం కాదు. ఆమె తన విస్తరిలోంచి తీసిన అన్నం. గిన్నె అడుగున కనబడుతున్న కాసిన్ని బియ్యం చూసి నా చేతిలో ముద్ద అట్లాగే ఆగింది.

చెయ్యి కడుక్కున్నాక సంచి తీసుకుని లేచాను. అప్పుడు అడిగింది, గొంతు తగ్గించి.

"తిరిగి ఇచ్చేదానికే వచ్చినావు గదా అక్కా?"

"వచ్చింది అందుకే," అన్నాను. "పోతాండేది మాత్రం సంచితోనే."

నడుము పోయి ఇంట్లో ఉన్న ఆమె మొగుడు ఎట్లున్నాడని అడిగితే చెప్పింది. నా విస్తరి మడిచి తనే తీసింది, నన్ను తియ్యనివ్వలేదు.

వంక దాటుతుంటే మా నాయన గుర్తొచ్చాడు. ఆయన మిషనులో ఉపదేశి. ఏడాదికో ఊరు, దేశనూరు నుంచి ఈ మూలదాకా. నిలకడ లేక నన్ను బడిలో వెయ్యలేదు. అక్షరాలు, పాటలు, వాక్యం అన్నీ ఆయన దగ్గరే, ఇంట్లోనే నేర్చుకున్నాను. నాకు ఏడేళ్ళప్పుడు ఎవరో ఇంట్లో సంగటి పెట్టారు. ముందు రోజుది. సైకిలు మీద తిరిగొస్తూ, సంగటి పులిసిపోయింది నాయనా అన్నాను. సైకిలు ఆపాడు. "తినేముందు దేవునికి స్తోత్రం చెప్తివి. ఇప్పుడు నాకు బాగలేదని చెప్తాండావు. ఇద్దరిలో ఎవరికి అబద్ధం చెప్పినావు పాపా?" అని అడిగాడు. కోప్పడలేదు. నిజంగానే జవాబు కోసం చూశాడు. ఆ రోజు నుంచి స్తోత్రం చెప్పి తిన్న అన్నాన్ని నేను తప్పు పట్టలేదు.

పండుగ వచ్చింది. ఆదివారం పొద్దున గుళ్ళో బల్ల ముందు కొత్త చాప పరిచారు. నేను పోగుచేసిన సంచులన్నీ వరసగా పెట్టాను. పూలచీర సంచి మాత్రం చేతిలోనే పట్టుకున్నాను. దాన్ని అందరూ గుర్తుపట్టారు. ఒక్కొక్క సంచీ పోస్తున్నారు. రాశి పెరుగుతోంది. పెద్దాయన నా దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మా, ఆ సంచి తిరిగి ఇచ్చి రమ్మంటిమి గదా?"

పోయినాననీ, ఆమె అంగట్లోనే కూర్చుని భోంచేసి వచ్చాననీ చెప్పాను. గుడిలో ఆడవాళ్ళ వైపు గుసగుస లేచింది. ఎవరు చూసినారు నిన్ను అని అడిగాడాయన, గొంతు తగ్గించి. నేను డోలక్ వైపు చూడలేదు. చూడకపోయినా, అతను డోలక్ తాళ్ళు బిగించడం మొదలుపెట్టాడని చప్పుడు చెప్పింది. నన్ను చూసినవాడు ఆ సంగతి చెప్పాలంటే తానెక్కడ ఉన్నాడో చెప్పుకోవాలి. కాబట్టి వారం గడిచినా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. ఎవరూ చూడలేదని ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. అది పెద్దాయనకూ అర్థమైంది. ఆయన నాకు దారి చూపించాలనే అనుకున్నాడు. అందుకు నేను కృతజ్ఞురాలిని.

"ఎండలో పోయింటావు. నీరసంగా ఉండి, ఆ పిల్ల బలవంతం చేస్తే కాదనలేక ఎంగిలి పడినావు. అంతే గదా? ఆ మాట చెప్పు. తప్పైంది అను. సంచి పక్కన పెట్టు. సాలు."

ఆ మాట చెప్పడానికి నోరు తిరగక కాదు. వాక్యం ఎత్తి చూపించాలని కూడా నోటిదాకా వచ్చింది, ఎవరెవరితో కూర్చుని ప్రభువు తిన్నాడో. ఎత్తలేదు. ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఇంకొకటి కూడా ఉంది నా దగ్గర, గ్లాసెడులోంచి తీసిన ఆ పిడికెడు సంగతి. అది చెబితే సంచిని రానిచ్చేవాళ్ళేమో. కానీ అది చెప్పడమంటే, అంగడి బియ్యమైతే నిజంగానే అంటు అని ఒప్పుకున్నట్టే. పైగా ఆమె ఆకలిని నలుగురిలో పరిచి చూపించినట్టు. చెప్పలేదు.

"బలవంతం ఎవరూ చెయ్యలేదన్నా," అన్నాను. "ఆకలేసి కూర్చున్నా. స్తోత్రం చెప్పి తిన్నా. శానా రుచిగా ఉండె. రెండోసారి అడిగి పెట్టించుకున్నా. ఇప్పుడు తప్పైంది అంటే దేవునికి అబద్ధం చెప్పినదాన్నైతా."

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత నేను చేసింది ముందుగా అనుకున్నది కాదు. రెండడుగులు వేసి, సంచి మూతి విప్పి, రాశి మీద బోర్లించాను. ఇది వంక అవతలి మన ఇంటిది అని పైకే చెప్పాను. ఆ బియ్యం రాశి కొసన పడి, నాలుగు పక్కలా జారి, తక్కినవాటిలో కలిసిపోయాయి. ఒకావిడ చెయ్యి పెట్టబోయి ఆగింది. ఏది ఆమె గింజ, ఏది మన గింజ అని ఎవరు ఏరుతారు?

అయ్యగారు మాకు కొత్త. వచ్చి ఏడాది కాలేదు. పెద్దాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు, చాప వైపు చూశాడు. గంగాళాల్లో ఎసరు మరుగుతోంది, బయట పిల్లలు ఆకలికి గోల చేస్తున్నారు. ప్రార్థన చేద్దాం అన్నాడు. రాశి మీద చేతులు చాపి స్తోత్రం చెప్పాడు. చివర అందరూ ఆమెన్ అన్నారు. పెద్దాయన గొంతు నేను వేరుగా విన్నాను, అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా. మధ్యాహ్నం పంక్తిలో ఆయన నాకు నాలుగు విస్తళ్ళ అవతల కూర్చున్నాడు. అన్నం కలుపుకున్నాడు. తిన్నాడు. నేను చూశాను.

ఆ తర్వాతి వారం బియ్యం పోగుచేసే పని నా దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చారు. తప్పైందని చెప్పేదాకా ప్రభు భోజనానికి దూరంగా ఉండమన్నారు. నెల మొదటి ఆదివారం అందరూ బల్ల దగ్గరికి లేచి పోతుంటే నేను వెనక బెంచీలో కూర్చుని ఉంటాను. ఏమీ అనిపించదని రాయను. చిన్ననాటి నుంచి అందుకున్న రొట్టె అది. చేతులు వాటంతటవే ముందుకు వస్తాయి, ఒళ్ళో పెట్టుకుంటాను. కానీ ఆ మాట చెప్పను. ఈ జన్మకు చెప్పను. నాకు ఇంత ఓపికిచ్చిన దేవునికి స్తోత్రం.

ఆ ముందు రోజు శనివారం మాత్రం రూపనగుడి బస్సెక్కుతాను. రోడ్డుకు కనబడే బెంచీ నాదైపోయింది. డోలక్ అతను ఇప్పుడు గ్లాసు దాచడం మానేశాడు, జరిగి చోటిస్తాడు. పోయినసారి అవ్వ కూడా తట్ట దించి నా పక్కన కూర్చుని చేపల పులుసు తిన్నది. ఉప్పు సల్ప తగ్గించల్ల పాపా అని ఆమెకు చెప్పింది. అవ్వ స్తోత్రం చెప్పి తినలేదు కాబట్టి చెప్పొచ్చు.

పూలచీర సంచి ఇప్పుడూ ప్రతి నెలా వస్తుంది. కొత్తగా పోగుచేసే ఆమె తీసుకోవడానికి భయపడింది, అందుకని అవ్వ దాన్ని మా ఇంట్లోనే పెట్టి పోతోంది. బియ్యం పురుగు పట్టకుండా వేపాకు కలిపి నా మంచం కింద డబ్బాలో పోస్తున్నాను. వచ్చే పండుగకు చాప పరుస్తారు. నేనూ పోతాను.

ఇది చదివే మీరు ఏ సంఘంవాళ్ళైనా, ఏ దేవుణ్ణి కొలిచేవాళ్ళైనా నాదొక మనవి. నన్ను తలవాల్సిన పని లేదు, నేను కడుపునిండా తిన్నాను. రేపు మీ ఇంట్లో ఎసరు పెట్టి గ్లాసుతో బియ్యం ముంచేటప్పుడు, వంక అవతల తన గ్లాసులోంచి ఒక పిడికెడు తీసి గూట్లో పెట్టుకుంటున్న ఆమెను ఒక్కసారి తలుచుకోండి.